నడుం మీద నీలి లైటు

వ్యాను మూడు వీధులు తిరిగిందో, ఒకే వీధిని మూడుసార్లు చుట్టిందో గౌరీశ్వరికి అర్థం కాలేదు. అర్థం కాకూడదనే తిప్పుతున్నారు.

డ్రైవరు ఉన్న రోజుల్లో కొంత నయమని, చదువు ముగించి వెళ్ళిపోయిన అక్కలు చెప్పేవారు. డ్రైవరు దారిలో ఎవరినో తిట్టేవాడు, టీకొట్టు దగ్గర వేగం తగ్గించేవాడు, రైలు గేటు పడితే విసుక్కునేవాడు. ఆ మాటల్ని బట్టి ఊళ్ళో ఎక్కడున్నారో పోల్చుకునేవారట. ఇప్పుడు కాకినాడలో వ్యాన్లూ ఆటోలూ వాటంతట అవే నడుస్తున్నాయి. అవి ఎవరినీ తిట్టవు, చప్పుడు కూడా పెద్దగా చెయ్యవు.

"మేడమ్, కడుపులో తిప్పుతోందండీ."

"తిప్పనీ. పిల్లికి మాత్రం తిప్పదా?" అంది పక్కనే కూర్చున్న ఫిలోమినా మేడమ్.

సముద్రం వైపు ఉన్న ఆ అంధ బాలికల ఆశ్రమ పాఠశాలలో చివరి ఏడాది ఒక పరీక్ష ఉంటుంది. కాగితాల మీద దాని పేరు స్వతంత్ర గమన పరీక్ష. పిల్లలు దాన్ని పిల్లి పరీక్ష అంటారు. పాలు తాగేస్తోందని పిల్లిని గోనెసంచిలో వేసి, ఊరవతల వదిలి వస్తారు కదా. మర్నాటికి అది మళ్ళీ గుమ్మంలో కూర్చుని ఉంటుంది. ఈ పరీక్షలోనూ అంతే, సంచి ఒక్కటే తక్కువ. అమ్మాయిని వ్యానులో ఎక్కించి, దిక్కులు మరిచేలా తిప్పి, ఎక్కడో దింపేస్తారు. బడికి ఆమే నడిచి రావాలి.

చేతిలో తెల్లకర్ర ఉండొచ్చు. ఫోను ఉండకూడదు. దారి అడగొచ్చు, కానీ ఎవరి చెయ్యీ పట్టుకుని నడవకూడదు. నడక నేర్పే ఫిలోమినా మేడమ్ దూరంగా వెనకే వస్తుంది. ప్రాణం మీదికి వస్తే తప్ప నోరు విప్పదు. నెగ్గిన అమ్మాయిని ఆ రోజు నుంచి గేటు దగ్గర ఎవరూ ఆపరు. నెగ్గకపోతే గేటు దాటడానికి పక్కన ఒక మనిషి ఉండాల్సిందే.

గౌరీశ్వరికి ఊరికి ఆ చివరన ఉన్న ఆసుపత్రిలో ఫిజియోథెరపీ కోర్సులో సీటు వచ్చింది. సోమవారం క్లాసులు మొదలు. రోజూ తీసుకెళ్ళి తీసుకురావడానికి బడిలో ఖాళీగా ఉన్న మనిషి లేడు. తునిలో ఉన్న మేనమామ ఫోనులో తేల్చి చెప్పాడు: "ఒక్కదానివే వెళ్ళగలిగితే చదువుకో. లేకపోతే ఆదివారం వచ్చి తీసుకొచ్చేస్తాను. ఇంట్లో ఉందువుగాని." ఇవాళ శుక్రవారం.

వ్యాను ఆగింది. తలుపు తెరుచుకుంది.

"దిగు. బెల్టు సరిగ్గా ఉందా?"

"ఉందండీ."

బెల్టు గురించి చెప్పాలి. అసలు ఈ కథ దాని గురించే.

దాని పేరు 'తోడు'. హైదరాబాదు నుంచి వచ్చిన డాక్టర్ ఇందుధర్ తయారుచేశాడు. వైద్యం చేసే డాక్టరు కాదు, యంత్రాల డాక్టరు. అరచేయి వెడల్పున్న బెల్టు. ముందు వైపు చిన్న కెమెరా, రాడార్ ఉంటాయి. లోపల చుట్టూ చిన్న చిన్న మోటార్లు ఉంటాయి. ఎడమకి తిరగాలంటే ఎడమ నడుం మీద వేలితో నొక్కినట్టు నొక్కుతుంది. కుడికైతే కుడివైపు. ఆగాలంటే రెండువైపులా. ఊరి మ్యాపు మొత్తం దానికి తెలుసు.

ఇంతవరకూ గొప్పేమీ లేదు, ఇలాంటివి చాలామంది చేశారు. ఇందుధర్ కనిపెట్టింది దీని రెండో గుణాన్ని. ఒక మలుపు అమ్మాయి తనంతట తాను సరిగ్గా తిరిగితే, ఆ మలుపు దగ్గర బెల్టు తర్వాతిసారి కొంచెం మెల్లగా నొక్కుతుంది. ఇంకోసారి ఇంకా మెల్లగా. చివరికి నొక్కడమే మానేస్తుంది. ఎప్పుడు మానేసిందో అమ్మాయికి తెలియకూడదు.

"సైకిలు నేర్పేటప్పుడు వెనక సీటు పట్టుకుని పరిగెత్తుతామే, ఎప్పుడో వదిలేస్తాం. వదిలేశామని తెలిస్తే పడిపోతారు. అందుకని చెప్పం," అన్నాడాయన మొదటిరోజు.

"మేం సైకిలెప్పుడు తొక్కామండీ?" అంది షాహీన్. గౌరీశ్వరి గదిలోనే ఉండే అమ్మాయి. నోరు ఊరుకోదు. "సరే సార్, ఇది ఆ కుక్కలాంటిదా? గొలుసు పట్టుకుంటే నడిపించేది?"

"కాదమ్మా. కుక్క ఎప్పటికీ నడిపిస్తూనే ఉంటుంది. ఇది నడిపించడం మానెయ్యడానికే తయారైంది."

"మానెయ్యడానికి ఇంత పెద్ద మిషనెందుకండీ? మేడమ్‌కి జలుబు చేస్తే మానేస్తారు కదా."

ఫిలోమినా మేడమ్‌కి ఆ బెల్టు మొదటినుంచీ నచ్చలేదు. గాలి ఏ చెంపకి తగులుతోంది, కర్ర కింద నేల ఎలా మారింది, చప్పట్లు కొడితే గోడ ఎంత దూరంలో పలుకుతోంది – ఇవన్నీ ఆమె ఏళ్ళ తరబడి నేర్పుతోంది. "నేను చేసేదీ ఇదే కదండీ. నాకు ఛార్జింగు కూడా అక్కర్లేదు," అంది. అయినా పరీక్షకి కూడా దాన్ని పెట్టుకోవచ్చని ప్రిన్సిపాలు ఒప్పుకున్నాడు కాబట్టి ఆమె ఒప్పుకోక తప్పలేదు.

ఇందుధర్ చెడ్డవాడు కాదు. హాస్టల్లో పద్ధతులు తొందరగానే నేర్చుకున్నాడు. అక్కడ ఎవరు ఏ గదిలో అడుగుపెట్టినా ముందు తమ పేరు చెప్పాలి. కుర్చీ లాగినవాళ్ళు తిరిగి బల్ల కిందికి తోయాలి. ఆయన ఒకసారి వరండాలో స్టూలు వదిలేస్తే షాహీన్ మోకాలు పగిలింది. ఆరో తరగతి పిల్ల ఒకతి వచ్చి ఆయన్ని నిలబెట్టి చీవాట్లు పెట్టింది. అప్పటినుంచి స్టూళ్ళ జోలికి పోలేదు. గదిలోకి వస్తూ "ఇందుధర్" అనడం ఎంత అలవాటైందంటే, హైదరాబాదులో సొంత ఇంట్లోకి అడుగుపెడుతూ కూడా పేరు చెప్పుకుంటున్నాడట. భార్య నవ్వుతోందని ఆయనే చెప్పాడు.

ఒక్క సంగతి మాత్రం ఆయన పిల్లలకి చెప్పలేదు. బెల్టు ముందు భాగంలో ఒక నీలి లైటు ఉంది. మోటార్లు పనిచేస్తున్నంత సేపూ వెలుగుతుంది, వాటి పని అయిపోతే ఆరిపోతుంది. ఇంజనీర్ల సౌకర్యం కోసం పెట్టింది. దాచాలని దాచలేదు. చూసేవాళ్ళకి అది కనిపిస్తూనే ఉంది కదా, చెప్పాలని ఎవరికీ తోచలేదు.

గౌరీశ్వరి వ్యాను దిగి నిలబడింది. వ్యాను వెళ్ళిపోయింది. మేడమ్ చెప్పులు కొంచెం దూరం వెనక్కి వెళ్ళి ఆగాయి.

అదే సమయానికి బడి ఆఫీసులో తెర ముందు కూర్చున్న ఇందుధర్ కుర్చీలోంచి లేచాడు. తెర మీద బెల్టు ఒక మాట రాసింది: నేర్పాల్సింది లేదు. ఇన్ని నెలల్లో ఏ బెల్టూ రాయని మాట అది. ఇక ప్రమాదం వస్తే తప్ప మోటార్లు కదలవు. వీధిలో గౌరీశ్వరి నడుం మీద నీలి లైటు ఆరిపోయింది.

మేడమ్ చూసింది. బెల్టు చెడిపోయిందనుకుంది. చెబుదామా? చెబితే నోరు విప్పినట్టు, పరీక్ష రద్దు. చెప్పకపోతే పిల్ల చచ్చిపోయిన బెల్టుని నమ్ముకుని నడుస్తుంది. ఏం చెయ్యాలో పాలుపోక ఆమె నోరు మూసుకుని వెనకే నడిచింది.

గౌరీశ్వరికి అదేమీ తెలియదు. ఎడమవైపు నడుం మీద మెల్లగా నొక్కినట్టయింది. తిరిగింది. మధ్యాహ్నపు సముద్రపుగాలి ముఖానికి తగిలింది. బడి సముద్రం వైపే. బెల్టు బాగానే చెబుతోంది అనుకుంది.

నాలుగడుగులు వేసిందో లేదో ఎవరో మోచెయ్యి పట్టుకున్నారు.

"జాగ్రత్తమ్మా, రాయుంది."

"తెలిసిందండీ, కర్రకి తగిలింది. ఇది ఏ రోడ్డండీ?"

"ఎక్కడికెళ్ళాలి నువ్వు?"

"ఎక్కడికెళ్ళాలో నాకు తెలుసండీ. ఇది ఏ రోడ్డో చెప్పండి చాలు."

"పాపం," అన్నాడా మనిషి, ఆమెతో కాదు, పక్కవాడితో. రోడ్డు పేరు చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

ఆమెకి వింతగా అనిపించింది. నెలల తరబడి ఇదే ఊళ్ళో బెల్టుతో తిరిగింది. ఎవరూ ముట్టుకోలేదు. అడ్డం కూడా తప్పుకునేవారు. ఇవాళేమైంది?

కొంచెం ముందుకి వెళ్ళేసరికి ఒకావిడ ఆమె చేతిలో మెత్తగా ఏదో పెట్టింది. అరటిపండు.

"తినమ్మా."

"వద్దండీ, ఇప్పుడే భోంచేశాను. ఇది ఏ రోడ్డండీ?"

"దేవుడున్నాడులేమ్మా," అంది ఆవిడ.

దేవుడు ఏ రోడ్డులో ఉన్నాడో చెప్పకుండా ఆవిడా వెళ్ళిపోయింది. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో అరటిపండు. ఇవాళ ఏదైనా పండగా అని గౌరీశ్వరి ఆలోచించింది. ఏ పండగా లేదు. పోనీ తన ఒంటి మీద ఏమైనా అంటిందా? డ్రెస్సు వెనక చిరిగిందా? తడిమి చూసుకుంది. అంతా బాగానే ఉంది. అరటిపండు తినేసి, తొక్క పడెయ్యడానికి చోటు తెలియక సంచిలో పెట్టుకుంది.

ఇంకెవరో భుజం మీద చెయ్యేశారు, ఇంకెవరో కర్ర కొస పట్టుకుని "ఇటు, ఇటు" అని లాగారు. విదిలించుకుంది. విదిలించుకుంటే తిట్టారు. "సాయం చేస్తుంటే పొగరు చూడు." ఆమెకి ఏడుపొచ్చేట్టయింది, కానీ ఏడిస్తే ఇంకెంతమంది వస్తారోనని ఆపుకుంది.

అంతలో తుమ్మొచ్చింది. ఆగకుండా ఇంకోటి. గౌరీశ్వరి ముఖం వికసించింది. ఎండుమిరపకాయల ఘాటు. కారం మిల్లు సెంటరు! ఇది తెలిసిన చోటే. కారం మిల్లు ఎడమ చేతి వైపు ఉంచుకుని, ఎదురుగా ఉన్న రోడ్డు నేరుగా దాటి, దాటగానే కుడికి తిరిగితే బడి సందు. కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు అని షాహీన్ జోకు వేసే దారి.

దాటేముందు నిలబడి వినాలి. ఈ ఆటోలు చప్పుడు చెయ్యవు కాబట్టి, టైర్ల కింద ఇసుక నలిగే సన్నటి శబ్దం కోసం చెవి ఒగ్గి వినాలి. ఆమె అలా నిలబడింది. చూసేవాళ్ళకి అది దిక్కుతోచక నిలబడినట్టే ఉంటుంది.

"రా తల్లీ, నేను దాటిస్తాను!"

పెద్ద గొంతు. లావుపాటి చెయ్యి. ఆమె "వద్దండీ" అనేలోపే రోడ్డు మీదికి లాక్కెళ్ళాడు. ఆటోలు టక్కున ఆగిపోయాయి. అవి మనిషి కనిపిస్తే ఆగుతాయి. ఎన్నడుగులు, ఏ దిక్కు, ఏమీ అందలేదు. అవతలి గట్టు మీద నిలబెట్టి, భుజాలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఇంక భయం లేదు," అని చెప్పి వెళ్ళిపోయాడు. మంచి పని చేశానన్న తృప్తి ఆయన అడుగుల్లో వినబడింది.

 ఒకరి చెయ్యి పట్టుకుని గౌరీశ్వరి నడిచింది. పరీక్ష పోయినట్టేనా? వెనక మేడమ్ చూసిందా? చూసే ఉంటుంది. మరి ఏమీ అనలేదేం? పోతే పోయింది అని ఊరుకుందా?

కుడివైపు నడుం మీద నొక్కినట్టయింది. గట్టిగా. రోడ్డు దాటాను కదా, కుడికి తిరగాలి, బెల్టు సరిగ్గానే చెబుతోంది. తిరిగి నడిచింది.

కొంత దూరం పోయాక ఆమె జడ భుజం మీదుగా ముందుకి వచ్చి పడింది. వెనక్కి వేసుకుంది. మళ్ళీ ముందుకి వచ్చింది.

ఆగింది. గాలి వెనక నుంచి వీస్తోంది.

బడి సందులో ఎప్పుడు నడిచినా గాలి ఎడమ చెంపకి తగలాలి. ఇప్పుడు మెడ మీద తగులుతోంది. అంటే సముద్రం వీపు వెనక ఉంది. అంటే వచ్చిన వైపే వెనక్కి పోతోంది. కానీ బెల్టు కుడికనే కదా చెప్పింది? బెల్టుకి మ్యాపు తెలుసు, కెమెరా ఉంది. తనకేముంది? జడ ఉంది.

ఆమె అలా నిలబడే ఉంది. కుడి నడుం మీద మళ్ళీ నొక్కింది. పో, పో అన్నట్టు. గాలి మెడ మీద తగులుతూనే ఉంది. ఎవరిని నమ్మాలో తెలియలేదు. బెల్టు మాట వినకపోతే ఇందుధర్ సార్ ప్రయోగం పాడు. వింటే ఆదివారం మామయ్య.

"నోర్మూసుకో," అంది గౌరీశ్వరి బెల్టుతో, పైకే. పక్కన వెళ్ళే మనిషెవరో ఉలిక్కిపడి తప్పుకున్నాడు. సాయం చెయ్యని మొదటి మనిషి.

వెనక్కి తిరిగింది. గాలి ముఖానికి తగిలింది. గాలికి ఎదురు నడిచింది. కాసేపటికి మళ్ళీ తుమ్ము. అయితే ఈసారి కారం మిల్లు మోత రోడ్డుకి అవతల నుంచి, ఎడమ వైపు దూరంగా వినిపిస్తోంది. అప్పుడు మొత్తం ముడి విడిపోయింది. ఆ పెద్దమనిషి తనని ఎదురుగా దాటించలేదు, పక్కకి దాటించాడు. అసలు దాటాల్సిన రోడ్డు ఇంకా ముందే ఉంది.

ఈసారి ఆమె ఎక్కడా నిలబడినట్టు కనబడలేదు. కర్ర ఆడిస్తూ, ఏదో వెతుక్కుంటున్నట్టు సంచిలో చెయ్యి పెట్టి, చెవులు మాత్రం రోడ్డుకి అప్పగించింది. ఇసుక చప్పుడు ఆగగానే దాటేసింది. కుడికి తిరిగింది. గాలి ఎడమ చెంపకి తగిలింది. బడి గేటు ఇనుప వాసన వచ్చేదాకా ఇంకెక్కడా ఆగలేదు.

ఆఫీసు గది గుమ్మంలో "గౌరీశ్వరి" అంది. వెనకే "ఫిలోమినా" అని వినబడింది. లోపల ఇందుధర్, ప్రిన్సిపాలు ఉన్నారు. షాహీన్ కూడా ఉంది, రమ్మని ఎవరూ అనకపోయినా.

"సార్, నేను రెండు తప్పులు చేశానండీ," అంది గౌరీశ్వరి. ఎవరో చెప్పేలోపు తనే చెప్పెయ్యాలనుకుంది. "ఒకాయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేశాడు. ఇంకోటి, బెల్టు కుడికి పొమ్మంటే నేను పోలేదండీ. వెనక్కి తిరిగాను."

"బెల్టు ఎప్పుడు చెప్పింది?" అన్నాడు ఇందుధర్.

"కారం మిల్లు దగ్గరండీ. గట్టిగా నొక్కింది. అంతకుముందు వ్యాను దిగగానే ఎడమకి."

ఇందుధర్ తెర మీద లెక్కలు వెనక్కి జరిపి చూశాడు.

"అమ్మా, నువ్వు దిగినప్పటినుంచీ బెల్టు ఒక్కసారి కూడా నొక్కలేదు," అన్నాడాయన. "ఇక్కడ మొత్తం తెలుస్తుంది. నీకు నేర్పాల్సింది లేదని అదే పని మానుకుంది."

"లేదండీ, నొక్కింది. నా నడుం నాకు తెలీదా?"

"నొక్కలేదు. నేను మా ఇంట్లోకి వెళ్తూ 'ఇందుధర్' అంటాను కదా. నన్ను అనమన్నదెవరు? అలాంటిదే. నీ ఒళ్ళే నొక్కినట్టు అనుకుంది."

గౌరీశ్వరి తల తిరిగింది, వ్యానులో కంటే ఎక్కువగా. "అంటే ఎడమకి పొమ్మని సరిగ్గా చెప్పింది నేనేనా?"

"నువ్వే."

"కుడికి పొమ్మని తప్పు చెప్పింది?"

"అదీ నువ్వే. అలవాటు."

"మరి నోర్మూసుకో అని నేను తిట్టింది?"

"నిన్నే తిట్టుకున్నావే," అంది షాహీన్ సంతోషంగా.

"అలాగైతే ఇకముందు నొక్కితే ఏది నా తెలివి, ఏది అలవాటు? ఎలా తెలుస్తుందండీ?"

ఇందుధర్ తెర కట్టేశాడు. "అది నాకూ తెలీదమ్మా," అన్నాడు. శాస్త్రవేత్తలు ఈ మాట అంత తరచుగా అనరు.

"అదంతా తర్వాత," అన్నాడు ప్రిన్సిపాలు. "చెయ్యి పట్టుకుని నడవకూడదని రూలు. నడిచానని ఈ పిల్లే ఒప్పుకుంటోంది. ఏమంటారు మేడమ్? రూలు మీరు పెట్టిందే."

 మేడమ్ ఎప్పుడూ నోట్లో ఉండే మింటు బిళ్ళ చప్పరించడం వినబడింది.

"ఇది నడవలేదండీ," అంది మేడమ్. "బియ్యం బస్తాని దింపినట్టు ఆ మహానుభావుడు తీసుకెళ్ళి దింపాడు. మనం దీన్ని ఒకచోట వదిలాం. ఆయన ఇంకోచోట వదిలాడు. తిప్పడం కూడా మనకంటే బాగా తిప్పాడు. రెండుసార్లు వదిలినా ఇంటికొచ్చింది. రూలు ప్రకారం దీనికి మార్కుల జాబితాలు రెండు ఇవ్వాలి."

ప్రిన్సిపాలు నవ్వాడు. "సరే. గేటు దగ్గర చెప్పేస్తాను."

గౌరీశ్వరి కుర్చీ వెతుక్కుని కూర్చుంది.  ఇందుధర్ అభినందనలు చెప్పి, బెల్టు ఎంత గొప్పగా తప్పుకుందో వివరించడం మొదలుపెట్టాడు. ఆమె మధ్యలో ఆపింది.

"సార్, ఇంకోటి అర్థం కాలేదండీ. ఇన్నాళ్ళూ ఊళ్ళో ఎవరూ నన్ను ముట్టుకోలేదు. ఇవాళ అందరూ మీద పడ్డారు. అరటిపండు కూడా పెట్టారు. ఎందుకని?"

"ఏమో," అన్నాడు ఇందుధర్.

"లైటు," అంది మేడమ్ ఉన్నట్టుండి. "లైటు ఆరిపోయింది కదా. అందుకే."

"ఏం లైటండీ?"

 

"బెల్టు ముందు ఒక నీలి లైటు ఉంటుందమ్మా," అన్నాడు ఇందుధర్ నెమ్మదిగా. "మోటార్లు పనిచేస్తుంటే వెలుగుతుంది."

"మా నడుం మీద?" అంది షాహీన్.

"అవును."

"ఇన్ని నెలలు ఊరంతా మా నడుం మీద లైటు వేసుకుని తిరిగామా? మాకు చెప్పకుండానా? పెళ్ళి ఊరేగింపులాగానా?"

"చిన్న లైటేనమ్మా."

"చిన్నదో పెద్దదో, మాకెలా తెలుస్తుందండీ?"

ఇందుధర్ క్షమాపణ చెప్పాడు. నిజంగానే సిగ్గుపడ్డాడు. షాహీన్ ఇంకా అనబోతుంటే గౌరీశ్వరి ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది. ఆమె ఇంకేదో లెక్క చేసుకుంటోంది. లైటు వెలిగినన్ని రోజులూ జనం దారి ఇచ్చారు. మిషను చూసుకుంటుందిలే అనుకున్నారు. లైటు ఆరగానే ఆమె వాళ్ళ చేతుల్లో పడింది. బెల్టు లోపల ఏం జరుగుతోందో వాళ్ళకి అనవసరం.

"సార్, ఈ మోటార్లు తీసెయ్యడానికి వీలవుతుందా?"

"తీసెయ్యొచ్చు. నీకు ఇక వాటితో పని లేదు. నువ్వు బెల్టు లేకుండానే వెళ్ళొచ్చు."

"బెల్టు కావాలండీ. మోటార్లు, కెమెరా, మ్యాపు అన్నీ తీసెయ్యండి. లైటు ఉంచండి. వెలిగించడానికి, ఆర్పడానికి ఒక స్విచ్చి పెట్టండి. నా బొటనవేలికి అందేలా."

ఇందుధర్ ఏళ్ళ తరబడి చేసిన పని మోటార్లలోనూ మ్యాపులోనూ ఉంది. లైటు ఆయన బజారులో కొని అతికించింది. ఆయన ఏదో అనబోయి, బెల్టు అందుకుని తన గదికి వెళ్ళాడు. గదిలోకి వెళ్తూ, ఖాళీ గదికి తన పేరు చెప్పాడు.

సోమవారం గౌరీశ్వరి గేటు దాటింది. నడుం మీద నీలి లైటు వెలుగుతోంది, లోపల ఏమీ లేదు. నెల తిరిగేసరికి బడిలో పెద్ద పిల్లలందరూ అలాంటిదే అడిగారు. ఆ తర్వాత సంగతి ఊళ్ళో పాకి, ఇందుధర్ బెల్టుల్ని తయారుచేసే కంపెనీ మోటార్లున్నవి ఆపేసి ఖాళీ బెల్టులు చెయ్యడం మొదలుపెట్టింది. చౌక కాబట్టి బాగా అమ్ముడుపోయాయి. మేడమ్ కూడా ఒకటి తీసుకుంది. ఆవిడకి కళ్ళు బాగానే కనిపిస్తాయి. బంధువుల పెళ్ళిళ్ళకి వెళ్ళేటప్పుడు పెట్టుకుంటానంది.

వానాకాలంలో ఒక సాయంత్రం గౌరీశ్వరి ఆసుపత్రి నుంచి వస్తోంది. పొద్దున ఉన్న చోటే కర్ర కింద నేల లేకుండా పోయింది. పైపుల కోసం రోడ్డు అడ్డంగా తవ్వేశారు. కర్రతో అటూ ఇటూ వెతికింది. బురద, నీళ్ళు, మట్టిగుట్ట. నడుం మీద ఎడమకి ఒకసారి, కుడికి ఒకసారి నొక్కినట్టయింది. తనకీ తెలియదన్నమాట.

"ఏమండీ, ఇక్కడ దాటడానికి ఎటు వెళ్ళాలండీ?"

అడుగులు ఆగకుండా పోయాయి.

"ఏమండీ! గొయ్యి దాటే దారెటండీ?"

"అటు చూడు, ఎవరో పిలుస్తున్నట్టుంది," అంది ఒక గొంతు.

"లైటుందిగా, అదే చెబుతుందిలే," అంది ఇంకో గొంతు.

వాన చినుకులు మొదలయ్యాయి. గౌరీశ్వరి ఇంకోసారి అడగలేదు. బొటనవేలితో స్విచ్చి నొక్కింది.

మరుక్షణంలో ఒక చెయ్యి మోచేతిని పట్టుకుంది. ఒక చెయ్యి భుజం మీద పడింది. మూడోది కర్ర కొసని లాగింది.

"అయ్యయ్యో, గోతిలో పడేదే!"

"లైటు ఆరిపోయిందమ్మా, ఛార్జింగు పెట్టుకోలేదా?"

"మర్చిపోయానండీ," అంది గౌరీశ్వరి. "ఒక్కరు చాలండీ, మిగతావాళ్ళు వెళ్ళొచ్చు. కర్ర వదలండి. మీ మోచెయ్యి నేను పట్టుకుంటాను, మీరు నన్ను పట్టుకోకండి."

ఒక పెద్దాయన మిగిలాడు. చెక్క మీదుగా గొయ్యి దాటించాడు. అవతల గట్టి నేల తగిలింది. గాలి ముఖానికి తగిలింది. ఆమెకి దారి తెలిసిపోయింది.

"చాలండీ, ఇక్కడి నుంచి నేను వెళ్తాను."

"ఫర్వాలేదమ్మా, ఇంటిదాకా దింపుతాను."

"వద్దండీ. నాకు తెలుసు."

"నీకేం తెలుసు తల్లీ, కనబడదు కదా," అని ఆయన ఆమె చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

గౌరీశ్వరి వాదించలేదు. బొటనవేలితో స్విచ్చి నొక్కింది.

"అమ్మయ్య, వచ్చేసింది!" అంటూ పెద్దాయన చప్పున చెయ్యి వదిలేశాడు.